రథసప్తమికి విత్తు పడాలి: పర్లాకిమిడి డాబా మీద మా కూరపాదులు

మాది పర్లాకిమిడి. గజపతి జిల్లా ముఖ్యపట్టణం. ఒడిశాలోనే ఉంది కానీ బండెక్కి ఊరి చివరికి వస్తే అవతల పాతపట్నం, ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బజార్లో సగం తెలుగు సగం ఒడియా. ఊరి సంగతి మొదటే చెప్పడానికి కారణం ఉంది. ఇంటి దగ్గర కూరగాయలు పెంచడం గురించి ఇంటర్నెట్‌లో దొరికేవాటిలో చాలావరకు వేరే వాతావరణానికి పనికొచ్చే మాటలు. మార్చి వచ్చింది, ఇక విత్తనాలు వేసుకోండి అంటారు. మంచు పడే దేశాల్లో అది సరైన మాటే, అక్కడ నేల మెత్తబడేదే అప్పుడు. మాకు మార్చి సగం దాటిందంటే మధ్యాహ్నం డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. అలాంటి ఎండలో మొలక పైకొస్తే దాని గతి ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మాకు వేసవి కూరల విత్తు పడాల్సింది మాఘమాసంలో. నేనైతే రథసప్తమిని గుర్తు పెట్టుకుంటాను. సంక్రాంతికే తొందరపడి వేస్తే రాత్రి చలికి ఆనప, బీర, కాకర విత్తనాలు మట్టిలో ఊరికే పడుకుంటాయి, కొన్ని కుళ్ళిపోతాయి కూడా. రథసప్తమి నాటికి చలి కొంచెం విరుగుతుంది, పగలు వెచ్చగా ఉంటుంది, మొలక రావడానికి అది చాలు. అక్కడి నుంచి ఉగాది దాకా ఉన్న ఆ కొద్ది వారాల్లో వేరు కుండీ అడుగుదాకా దిగిపోవాలి. దిగిందా, ఏప్రిల్ ఎండకి మధ్యాహ్నం ఆకు వాలినా సాయంత్రానికి మళ్ళీ లేచి నిలబడుతుంది. దిగలేదా, రోజుకి రెండు పూటలా నీళ్ళు పోసినా మొక్క ఉన్నచోటే ఉంటుంది, ఎదగదు, కాయదు. ఇన్నేళ్ళుగా నేను చూస్తున్నది ఇదే. మందులు, ఎరువులు, మెళకువలు అన్నీ దీని తర్వాతే.

సంక్రాంతి వెళ్ళగానే పని మొదలుపెడతాను. అప్పటికి శీతాకాలం పంట ఆఖరికొచ్చి ఉంటుంది. టమాటా మొక్కలకి కింద ఆకులన్నీ ఎండిపోయి పైన నాలుగు కాయలు మిగులుతాయి. చిక్కుడు పాదు మాత్రం ఇంకా కాస్తూనే ఉంటుంది, దాన్ని రథసప్తమి దాకా ముట్టుకోను. ఆ రోజు చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి సూర్యుడికి నైవేద్యం పెట్టడం మా అత్తయ్యగారికి చిన్నప్పటి నుంచి అలవాటు. అరసవల్లి వెళ్ళడం కుదరని ఏడు డాబా మీదే, ఆ పాదు పక్కనే, పాలు పొంగిస్తాం. ఆ పూజ అయ్యాక బాగా ముదిరిన కాయలు కొన్ని విత్తనానికి ఉంచుకుని పాదు మొదలు దగ్గర కోసేస్తాను. వేళ్ళు పీకను. చిక్కుడు వేళ్ళ మీద చిన్న చిన్న బొడిపెలుంటాయి, వాటిలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి అందిస్తాయి. ఆ వేళ్ళు మట్టిలోనే కుళ్ళితే తర్వాత వేసిన పాదుకి బలం. అందుకే మా ఇంట్లో చిక్కుడు తీసిన తొట్టిలోనే ఆనప పెడతాం.

మిగతా కుండీల్లో మట్టిని డాబా మీద పాత గోనెసంచుల మీద పరిచి, గడ్డలు చిదిపి, నాలుగైదు రోజులు ఎండనిస్తాను. లోపల దాక్కున్న పురుగుల గుడ్లు, కోశాలు ఎండకి పోతాయి, పిట్టలు వచ్చి కొన్ని ఏరుకు తింటాయి. తర్వాత కలపడం. రెండు పాళ్ళు ఆ మట్టి, ఒక పాలు మగ్గిన పశువుల ఎరువు, ఒక పాలు వరి ఊక. చాలామంది కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కొంటారు. మా చుట్టుపక్కల రైస్ మిల్లులుండగా నేను దాని జోలికి వెళ్ళను, ఊక మట్టిని గుల్లగా ఉంచుతుంది, బరువు కూడా తగ్గిస్తుంది. డాబా మీద పెట్టేవాళ్ళు బరువు సంగతి బాగా ఆలోచించాలి. 20 లీటర్ల పెయింట్ బకెట్ నిండా తడిమట్టి ఉంటే పాతిక కిలోలు దాటుతుంది, పెద్ద డ్రమ్ములైతే ఇక చెప్పనక్కర్లేదు. బరువైనవన్నీ కింద స్తంభం, బీము ఉన్నచోట, పిట్టగోడ వారగా పెట్టుకోండి, స్లాబు నడిమధ్యన వద్దు.

ఎరువు మగ్గిందో లేదో చూడ్డానికి గుప్పెడు తీసి పిండితే తెలుస్తుంది. మగ్గినదైతే నల్లగా, పొడిపొడిగా రాలిపోతుంది, పేడ వాసన ఉండదు. చేతికి అంటుకుని వాసనొస్తే అది ఇంకా పచ్చిదే, కుండీలో వేశాక వేడి పుట్టి లేతవేరు మాడుతుంది. దానికి తోడు చెదలు. బకెట్‌కి ఒక గుప్పెడు వేపపిండి కూడా కలుపుతాను, చాలు.

విత్తనాల విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మొదటిసారి వేసేవాళ్ళు ప్యాకెట్ విత్తనం కొనుక్కోవచ్చు, తప్పేం లేదు. బెండకి మాత్రం తప్పకుండా రకం చూసి కొనాలి. ఎందుకంటే వేసవిలో తెల్లదోమ వాలితే ఆకు ఈనెలన్నీ పసుపెక్కి, కాయ కూడా పాలిపోయి గిడసబారుతుంది, దాన్నే పల్లాకు తెగులంటారు, ఒకసారి వచ్చిందంటే ఆ మొక్కకి మందు లేదు, పీకి పారేయడమే. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్కా అనామిక, పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ పర్భణీ క్రాంతి దాన్ని తట్టుకోవడానికి తయారుచేసిన రకాలే. అసలు రాదని కాదు, తక్కువ వస్తుంది. ఆనప, గుమ్మడి, తోటకూర విత్తనాలు మాత్రం నేను సంతలోనే తీసుకుంటాను. కొండ నుంచి దిగి వచ్చే సవర ఆడవాళ్ళు చిన్న మూటల్లో తెస్తారు. అవి తీసుకుంటే కాయ నుంచి మళ్ళీ విత్తనం కట్టుకోవచ్చు, ఏడాదేడాదీ కొనే పని ఉండదు.

పక్కింటి మావుసిది (ఒడియాలో పిన్నిని అలా అంటారు) ఒడిశాలోనే నయాగఢ్ వైపు పుట్టిల్లు. ఒకసారి ఊరెళ్ళి వస్తూ వంగ విత్తనాలు కాగితంలో చుట్టి తెచ్చి ఇచ్చింది, అదే కంటెయిముండి వంకాయ, 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది దానికి. కాండానికి, ఆకుకి, కాయ తొడిమకి అంతటా ముళ్ళే. కోసేటప్పుడు చేతికి గుడ్డ చుట్టుకోవాలి. కానీ కోతులు మిగతా వంగ మొక్కల జోలికి వెళ్ళి దీని దగ్గరికి రావు, పురుగు కూడా తక్కువే. దీని నారు మాఘంలో పోసి, నాలుగైదు ఆకులు రాగానే సాయంత్రం పూట నాటుతాను. అత్తయ్యగారు మొదట ఆ ముళ్ళు చూసి "ఇదేటి, ఈ వంకాయ మనింట్లో ఎవరు కోస్తారే?" అన్నారు. మెంతికారం పెట్టి వండాక ఆవిడే ఇంకో రెండు మొక్కలు పెట్టమన్నారు.

ఇక విత్తడం. కాకర, బీర విత్తనాలకి పెంకు మందం. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున్న తడిగుడ్డలో మూటకట్టి, బియ్యం డబ్బాలో కూరతాను. బియ్యంలో ఆ వెచ్చదనానికి కొద్ది రోజుల్లోనే పెంకు కొసన చిన్న తెల్లని మొన పగిలి బయటికొస్తుంది. మూట రోజూ విప్పి చూసుకుని మళ్ళీ తడపాలి, ఆ మొన గోరంత పొడుగైతే మట్టిలో పెట్టేటప్పుడు విరిగిపోతుంది, కనుక కనిపించగానే పెట్టేయాలి. మొన ఉన్న కొస కిందికి, విత్తనం పరిమాణానికి రెండింతల లోతు, అంతకంటే వద్దు. బెండ, గోరుచిక్కుడు పూట నానితే చాలు. తోటకూర విత్తనం మరీ నలుసు, ఊరికే చల్లితే ఒకేచోట గుంపుగా పడుతుంది, అందుకని పొడి ఇసుకలో కలిపి చల్లి పైన చేత్తో అద్ది, చిల్లుల మూత పెట్టిన సీసాతో నీళ్ళు చిలకరిస్తాను. ధనియాలు నేరుగా వేస్తే ఆలస్యం, చపాతీ కర్రతో ఒత్తి రెండు బద్దలు చేసి వేయాలి. కొత్తిమీర మాకు మాఘంలోనే ఆఖరి విడత. ఆ తర్వాత వేస్తే ఆకు కంటే ముందు పువ్వు వచ్చేస్తుంది, ఎండ తగిలితే దాని తీరే అంత.

ఆకుకూరలు మాత్రం ఎవరైనా పెంచొచ్చు. చేపల బజారులో పారేసే థర్మోకోల్ పెట్టెలు కడిగి అడుగున చిల్లులు పెట్టి వాడతాం. తోటకూర, గోంగూర నెలలోపే కోతకొస్తాయి. బచ్చలి తీగ గుచ్చితే చాలు. పుదీనాకి బజారు కట్టలోంచి ముదురు కాడలు నాలుగు తీసి, కింద ఆకులు తుంచి, గ్లాసు నీళ్ళలో పెడితే వారానికల్లా తెల్లని వేళ్ళు వస్తాయి. దానికి నీడే కావాలి, ట్యాంకు చాటున పెట్టండి.

పాదులు మొలిచాక మొదటి ముప్పు పెంకు పురుగు. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఫాల్గుణంలో ఆనప, గుమ్మడి, దోస మొక్కలు చచ్చిపోయాయని చెప్పేవాళ్ళలో ఎక్కువమంది పోగొట్టుకునేది దీనివల్లే. నారింజ ఎరుపులో మెరుస్తూ బియ్యపుగింజ కంటే కొంచెం పెద్దగా ఉంటుంది. మొలక రాగానే విచ్చుకునే ఆ రెండు మందపాటి ఆకులంటే దానికి చాలా ఇష్టం. సాయంత్రం నిండుగా ఉన్న ఆకు మర్నాటికి గుండ్రటి చిల్లులతో జల్లెడ అయిపోతుంది. ఎండెక్కితే చెయ్యి దగ్గరికి రాగానే ఎగిరిపోతుంది కానీ, తెల్లారగట్ల మంచు ఆరకముందు బద్ధకంగా కదలకుండా ఉంటుంది. నేను ఆ వేళకి సబ్బునీళ్ళ గిన్నె పట్టుకుని డాబా ఎక్కుతాను. గిన్నె ఆకు కింద పెట్టి వేలితో ఆకుని తట్టితే పొట్ట పైకి పెట్టి అలా నీళ్ళలో పడిపోతాయి. తర్వాత ఆ తడి ఆకుల మీదే జల్లెడ పట్టిన కట్టెల బూడిద పలచగా చల్లుతాను. ఇలా మొక్కకి నాలుగైదు అసలు ఆకులు వచ్చేదాకా చేయాలి, ఆ తర్వాత పాదు దానికంటే వేగంగా పెరుగుతుంది కాబట్టి పెద్దగా నష్టం ఉండదు. దాని పిల్ల పురుగులు మట్టిలో వేళ్ళు తింటాయి, అందుకని వారానికోసారి మొదలు చుట్టూ పైపైన గుల్ల చేయడం కూడా మంచిది.

మందుల్లో నేను వాడేది రెండే. ఒకటి వేపనూనె, లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్లు, నూనె నీళ్ళలో కలవడానికి రెండు చుక్కలు సబ్బుద్రావణం, ఎండ దిగాక ఆకు అడుగున తగిలేలా కొట్టాలి, పేనుబంక, తెల్లదోమ ఉండేది అడుగునే కదా. రెండోది జీవామృతం. ప్రకృతి వ్యవసాయాన్ని ప్రచారం చేసే సుభాష్ పాలేకర్ చెప్పిన లెక్క 200 లీటర్ల నీళ్ళకి ఆవుపేడ 10 కిలోలు, మూత్రం 10 లీటర్లు, బెల్లం 2 కిలోలు, పప్పుపిండి 2 కిలోలు, పిడికెడు మట్టి. డాబాకి అంత అక్కర్లేదు, అందులో పదోవంతు, అంటే 20 లీటర్ల బకెట్‌కి పేడ కిలో, మూత్రం లీటరు, బెల్లం 200 గ్రాములు, పిండి 200 గ్రాములు కలిపి, నీడలో పెట్టి పూటకోసారి కర్రతో తిప్పితే రెండు రోజుల్లో సిద్ధం. దానికి పదింతల నీళ్ళు కలిపి మొక్క మొదట్లో పోస్తాను. వారంలోపు వాడేయాలి.

పూత మొదలైనప్పుడు కొత్తగా పెంచేవాళ్ళు టెన్షన్ పడతారు. పువ్వులొస్తున్నాయి రాలిపోతున్నాయి అని. ఆనపకి మొదట వచ్చేవన్నీ మగపువ్వులే, సన్నటి పొడుగాటి కాడ మీద ఉంటాయి, అవి రాలడం సహజం. ఆడపువ్వుకి వెనకాల వేలెడంత నూగు నూగుగా పిందె ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. తీగ పందిరి అందుకోగానే నేను తల తుంచేస్తాను, అప్పుడు పక్క తీగలొస్తాయి, ఆడపువ్వులు ఎక్కువ వచ్చేది ఆ పక్క తీగల మీదే. ఆనప పువ్వు తెల్లగా, పొద్దుగూకే వేళ విచ్చుకుంటుంది. ఆ వేళకి తేనెటీగలుండవు, రెక్కల పురుగులు రావాలి, ఊరి మధ్య డాబా మీదకి అవి రావడం తక్కువ. అందుకే దీపాలు పెట్టే వేళకి నేనే వెళ్ళి మగపువ్వు ఒకటి తుంచి, రేకులు తీసేసి, మధ్యలో పుప్పొడి ఉన్న భాగాన్ని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాస్తాను. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకి వస్తుంది. పట్టిందో లేదో రెండు మూడు రోజుల్లో తేలుతుంది. పడితే పిందె కిందికి వంగి నిగనిగలాడుతూ లావెక్కుతుంది, పట్టకపోతే కొసనుంచి పసుపెక్కి ముడుచుకుంటుంది. బీర కూడా సాయంత్రం పువ్వే. దోస, కాకర పొద్దున్న పూస్తాయి, వాటి పని తేనెటీగలే చూసుకుంటాయి, వాటికోసం పిట్టగోడ వెంట బంతి, తులసి పెట్టుకుంటే సరిపోతుంది. పిందె పట్టిన వెంటనే దానికి పాత న్యూస్‌పేపర్ గొట్టంలా చుట్టి పిన్ను కొడతాను, పండు ఈగ కాయని పొడిచి గుడ్లు పెట్టకుండా.

పండ్ల మొక్కలు మాకు కింద పెరట్లో ఉన్నాయి. బొప్పాయికి తిన్న పండు విత్తనాలే వేస్తాం, పైన ఉండే జిగురు పొరని బూడిదలో వేసి రుద్ది కడిగి నీడన ఆరబెట్టాలి, ఆ పొర ఉంటే మొలవదు. ఏది మగదో ఏది ఆడదో పూత వచ్చేదాకా తెలియదు కాబట్టి ఒక్కో గోతిలో మూడు మొక్కలు పెట్టి, పూశాక ఒకటే ఉంచుతాం. మొక్క మొదట్లో నీరు నిలిస్తే కాండం కుళ్ళిపోతుంది, మట్టి ఎగదోసి నీళ్ళు దూరంగా పోయాలి. జామకి చలికాలం కాపు అయిపోగానే కొమ్మల కొసలు కత్తిరిస్తాను, కొత్త చిగురు మీదే మళ్ళీ పూస్తుంది. నిమ్మకీ కరివేపాకుకీ ఈ నెలల్లోనే లేత చిగుళ్ళొస్తాయి, వాటి మీద పిట్టరెట్టలా నల్లగా తెల్లగా అంటుకున్నవి కనిపిస్తే అవి సీతాకోకచిలుక గొంగళ్ళు. మొక్క చిన్నదైతే ఏరి తీసేయాలి. మా నిమ్మ పెద్దదైంది కాబట్టి వదిలేస్తున్నాను, నాలుగు ఆకులు తింటే తిననీ, మా పిల్లలు అవి ఆకుపచ్చగా మారి గూడు కట్టడం దాకా రోజూ చూస్తారు.

ఉగాది దాటాక పనంతా మొక్కల్ని ఎండ నుంచి కాయడమే. కుండీల పైన వరిగడ్డి మందంగా పరుస్తాం, మిర్చికీ ఆకుకూరలకీ 50 శాతం షేడ్ నెట్ కడతాం, నీళ్ళు తెల్లారకముందే పోస్తాం. ఏప్రిల్‌లో సాయంత్రాలు ఒక్కోసారి కాలబైశాఖి గాలివాన కొడుతుంది, అది పందిళ్ళని ఎత్తి పడేస్తుంది. మాది ఒకసారి అలాగే పోయింది, కాయలతో సహా. అప్పటి నుంచి వెదుళ్ళని పిట్టగోడ కొక్కేలకి ఇనపతీగతో కడుతున్నాం.

పణా సంక్రాంతి అంటే ఏప్రిల్ 14 ప్రాంతంలో వచ్చే ఒడియా వాళ్ళ కొత్త సంవత్సరం. ఆ రోజు తులసికోట మీద అడుగున చిన్న చిల్లు పెట్టిన మట్టికుండ వేలాడదీసి, చిల్లులో వత్తి దూర్చి నీళ్ళు నింపుతారు, నెలంతా చుక్క చుక్కగా తులసి మీద పడుతూనే ఉంటుంది. మావుసి ఇంట్లో చూసి మేమూ కడుతున్నాం, తులసికే కాదు, కొత్తగా నాటిన మిర్చి, వంగ కుండీలకి కూడా. చిల్లు పెద్దదైతే కుండ గంటలో ఖాళీ అవుతుంది, నూలుగుడ్డ పేలికని గట్టిగా మెలిపెట్టి దూరిస్తే చుక్క పడి, ఆగి, మళ్ళీ చుక్క పడుతుంది, అలా పడాలి. పెద్ద పాదులున్న డ్రమ్ముల్లో మాత్రం పాత నీళ్ళకుండని మెడదాకా పాతిపెట్టి మూత వేస్తాను. మట్టికుండ గోడల్లోంచి నీరు ఊరుతుంది, వేళ్ళు దాని చుట్టూనే చేరతాయి. రెండు రోజులు ఊరెళ్ళాల్సి వచ్చినా పాదు వాడదు.

ఇది చదివేసరికి మీకు ఫాల్గుణం కూడా దాటిపోయి ఉంటే ఆనప, బీర, కాకర జోలికి వెళ్ళకండి, వాటిని తొలకరికి ఉంచుకోండి, జూన్ వానలకి అవి చక్కగా లేస్తాయి. ఇప్పుడు బెండ, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర, బచ్చలి వేసుకోండి. ఎండని ఓర్చుకునేవి అవే. అవి కూడా మొలిచి మూడు నాలుగు ఆకులు వచ్చేదాకా మధ్యాహ్నం పూట పాత చీరైనా సరే పైన కట్టి నీడ ఇవ్వండి.